బండి దించే ముందు టేపు పట్టండి

"అన్నా, బండి కింద జేయాలె. వీల్స్ పెద్దయి కావాలె. టైరు మాత్రం ఎక్కడా తాకద్దు!"

జహీరాబాద్, కోహీర్ వైపు హైవే పక్కన టైర్ల దుకాణాల్లో ఈ మధ్య తరచూ వినిపించే మాట ఇది. ఇందులో మూడు కోరికలున్నాయి. మొదటి రెండూ డబ్బుతో తీరతాయి. మూడోది డబ్బుతో తీరదు, లెక్కతోనే తీరుతుంది. విచిత్రం ఏమిటంటే, ఆ లెక్క ఇంటర్‌లోనే చదివేశాం. చేతిలో బీటెక్, డిప్లొమా పట్టా ఉండి కూడా దాన్ని కాగితం మీద పెట్టకుండా బండి తాళాలు మెకానిక్ చేతికి ఇచ్చేస్తున్నాం.

కారు దించడం మంచిదా చెడ్డదా అన్న వాదన ఇళ్లలో రోజూ జరిగేదే. పెద్దలు "పైసలు తగలేస్తున్నావ్" అంటారు, పిల్లలు "అది నా ప్యాషన్" అంటారు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. ఆ సరదాను తిట్టి ప్రయోజనం లేదు. అలాగని సరదా ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. మధ్యలో ఒక కాగితం ఉండాలి. ఏ వీల్, ఏ టైరు, ఎందుకు అన్నది ఆ కాగితం మీద అంకెల్లో రాయగలిగినవాడు ఆటోమొబైల్ రంగంలో ఎక్కడైనా నిలబడతాడు. రాయలేనివాడు బండి దించకపోవడమే మేలు.

సైజు అంకెల్లో ఏముంది?

మన ఊళ్లలో బాగా కనిపించే స్విఫ్ట్‌నే తీసుకుందాం. కింది వేరియంట్లకు 165/80 ఆర్14, పై వేరియంట్లకు 185/65 ఆర్15 టైర్లతో ఈ కారు అమ్ముడైంది. చూడ్డానికి వేర్వేరు సైజులు. లెక్క వేస్తే మాత్రం అసలు సంగతి బయటపడుతుంది.

మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో ఎంత శాతం పక్కగోడ ఎత్తు ఉందో చెబుతుంది. చివరిది రిమ్ వ్యాసం, అంగుళాల్లో. 185లో 65 శాతం అంటే 120.25 మి.మీ. పైన, కింద కలిపి 240.5. దానికి 15 అంగుళాల రిమ్, అంటే 381 మి.మీ. కలపండి. మొత్తం వ్యాసం 621.5 మి.మీ. ఇదే పద్ధతిలో 165/80 ఆర్14 లెక్క వేస్తే 619.6 వస్తుంది. తేడా 2 మి.మీ. కూడా లేదు. రిమ్ ఒక అంగుళం పెరిగినా మొత్తం చక్రం పెరగకుండా కంపెనీ ఇంజినీర్లు పక్కగోడను తగ్గించారు. రిమ్ పెంచితే పక్కగోడ తగ్గాలి, మొత్తం వ్యాసం దాదాపు అక్కడే ఉండాలి. అసలు సూత్రం ఇదే.

ఇప్పుడు మనవాళ్లు 16 అంగుళాల అల్లాయ్ అడుగుతారు. 195/55 ఆర్16 వేస్తే వ్యాసం 620.9 మి.మీ. భేషుగ్గా ఉంది. స్టాక్‌లో అది లేదని, చూడ్డానికి నిండుగా ఉంటుందని 205/60 ఆర్16 ఎక్కించారనుకోండి. వ్యాసం 652.4కి పోతుంది. దాదాపు 5 శాతం ఎక్కువ. సగం పైకి, సగం కిందికి లెక్కేస్తే టైరు 15 మి.మీ. పైకి జరిగి ఫెండర్ ఖాళీని తినేస్తుంది. బండిని కూడా 15 మి.మీ. పైకి లేపుతుంది. అంటే స్ప్రింగులకు డబ్బిచ్చి 40 మి.మీ. దించి, టైర్లకు డబ్బిచ్చి 15 మి.మీ. లేపుకున్నట్టు! మీటర్ కూడా తప్పుతుంది. ముల్లు 80 చూపిస్తుంటే బండి నిజంగా 84లో వెళ్తుంటుంది. వ్యాసంలో తేడా 2 శాతం లోపు ఉంటే నిశ్చింత, 3 శాతం దాటొద్దు అన్నది ఈ పనిలో ఉన్నవాళ్లు పాటించే మోటు లెక్క.

అసలు కిటుకు ఆఫ్‌సెట్‌లో

వ్యాసం సరిపోయినా టైరు తాకుతోందంటే నేరం సాధారణంగా రిమ్‌ది. రిమ్ లోపలివైపు 6జె, ఈటీ45 అని పోతపోసి ఉంటుంది. 6 అంటే రిమ్ వెడల్పు, అంగుళాల్లో. ఈటీ అంటే ఆఫ్‌సెట్. రిమ్ నడిమి గీత నుంచి అది హబ్‌కు ఆనుకునే ముఖం ఎన్ని మి.మీ. బయటికి ఉందో చెప్పే అంకె. ఈ అంకె తగ్గేకొద్దీ చక్రం ఫెండర్ వైపు బయటికి వస్తుంది. పెరిగేకొద్దీ లోపల షాకప్ వైపు వెళ్తుంది.

పాత రిమ్ 5.5జె ఈటీ45 అనుకుందాం. దుకాణంలో నచ్చినది 7జె ఈటీ35. రిమ్ సగం వెడల్పులోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే బయటి అంచు ఎక్కడుందో తెలుస్తుంది. పాతదానికి 69.85లోంచి 45 పోగా 24.85. కొత్తదానికి 88.9లోంచి 35 పోగా 53.9. అంటే బయటి అంచు ఏకంగా 29 మి.మీ. బయటికి వచ్చింది. లోపలివైపు సగం వెడల్పుకు ఆఫ్‌సెట్ కలపాలి. 114.85 కాస్తా 123.9 అయింది, 9 మి.మీ. లోపలికి పెరిగింది. దించిన బండికి ఫెండర్ అంచు దగ్గర 29 మి.మీ. ఎక్కడి నుంచి వస్తుంది? అదే టైరుకు 6జె ఈటీ45 తీసుకుంటే రెండువైపులా 6 మి.మీ. పైచిల్లరే పెరుగుతుంది. 195 టైరుకు 6 అంగుళాల రిమ్ చక్కగా సరిపోతుంది. కంటికి కొంచెం తక్కువ ఠీవిగా ఉండొచ్చు. కానీ తాకదు.

బోల్టుల కొలత సంగతి చాలామందికి తెలుసు. నాలుగు బోల్టులు 100 మి.మీ. వలయంలో ఉంటే 4×100. అది కలిసిందా లేదా అని అందరూ చూస్తారు. నడిమి రంధ్రం కొలతను మాత్రం వదిలేస్తారు. అది హబ్ కంటే పెద్దదైతే సరైన హబ్ రింగు వేయించాలి. లేకపోతే స్టీరింగ్ వణుకుతుంది. అలైన్‌మెంట్ పోయిందనుకుని ఊరికే దుకాణాల చుట్టూ తిరుగుతారు.

ఇంకో అంకె ప్రాణానికి సంబంధించింది. టైరు మీద సైజు పక్కన 87, 88, 91 అని కనిపించేది లోడ్ ఇండెక్స్. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదు. 87 అంటే 545, 91 అంటే 615. ఒకే 195/55 ఆర్16 కొలతలో 87 కూడా దొరుకుతుంది, 91 కూడా దొరుకుతుంది. పక్కగోడ పలచబడ్డ టైరు గుంతలో పడినప్పుడు రిమ్‌కు, రాయికి మధ్య నలిగిపోతుంది. కాబట్టి కొత్త టైరు ఇండెక్స్ పాతదానికంటే తగ్గకూడదు. ధర అడిగే ముందు ఈ అంకె అడగండి.

నిలబెట్టి చూస్తే సరిపోదు

బండి దించాక చాలామంది షెడ్డులో నిలబెట్టి, ఫెండర్‌కూ టైరుకూ మధ్య రెండు వేళ్లు దూరుతున్నాయి కదా అని సంబరపడతారు. అది ఫొటో దిగడానికి పనికొచ్చే కొలత. టైరు తాకేది నిలబడ్డప్పుడు కాదు, గుంతలో పడ్డప్పుడు.

షాకప్ లోపల బంప్ స్టాప్ అనే రబ్బరు లాంటి దిమ్మ ఉంటుంది. చక్రం ఎంత పైకి లేవగలదో తేల్చేది అదే. పాత షాకప్, పాత బంప్ స్టాప్ ఉంచి స్ప్రింగులు మాత్రమే మార్చి 40 మి.మీ. దించితే, చక్రం చేరగలిగే చివరి ఎత్తు మారదు. మారేది ఒకటే. ఇంతకుముందు పెద్ద గుంతలో పడితే తప్ప అక్కడిదాకా వెళ్లని చక్రం ఇప్పుడు ప్రతి చిన్న గతుకుకూ వెళ్తుంది. కంపెనీ టైరు ఆ చివరి ఎత్తులో తాకదు, ఎందుకంటే దాన్ని అక్కడ పెట్టి చూశాకే డిజైన్ చేశారు. మీ కొత్త టైరును కూడా అక్కడ పెట్టి చూడాలి.

ఎలా? మంచి వర్క్‌షాపులో బండిని స్టాండ్ల మీద నిలిపి, స్ప్రింగు తీసేసి, షాకప్‌ను మళ్లీ బిగించి, చక్రాన్ని జాకీతో నెమ్మదిగా బంప్ స్టాప్ ఆనేదాకా లేపుతారు. అక్కడ స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూస్తారు. తాకే చోట్లు నాలుగు: పైన ఫెండర్ అంచు, లోపల షాకప్ గొట్టం, ముందు బంపర్ వెనుక ఉండే ప్లాస్టిక్ లైనర్, వెనుక చక్రాల దగ్గర లోపలి గోడ. అంత ఏర్పాటు లేకపోతే ఇంకో దారి ఉంది. లైనర్ మీద, ఫెండర్ లోపలి అంచు మీద చాక్‌పీసు దట్టంగా రాయండి. బండిలో ఐదుగుర్ని ఎక్కించి గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా తిప్పుకుని రండి. చాక్‌పీసు చెరిగిన చోటే మీ సమస్య. ఖర్చు రెండు రూపాయలు.

స్ప్రింగు కోసి దించే పద్ధతి గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ఆరు చుట్ల స్ప్రింగులో ఒక చుట్టు కోస్తే అది సుమారు 20 శాతం గట్టిపడుతుంది. పొడవు తగ్గడం వల్ల చక్రం కిందికి వేలాడినప్పుడు స్ప్రింగు తన గూటిలోంచి వదులయ్యే ప్రమాదం ఉంది. మలుపులో అలా జరిగితే స్టీరింగ్ చేతిలో ఉన్నా బండి చేతిలో ఉండదు. కొయ్యడానికి గ్రైండర్ చాలు. దాని ఫలితం మోయాల్సింది వెనుక సీట్లో కూర్చున్న చెల్లెలు.

మన రోడ్డు లెక్క వేరు

ఇంటర్నెట్‌లో చూసే దించిన కార్లు తిరిగే రోడ్లు వేరు, కోహీర్ నుంచి తోటల మధ్యగా ఊళ్లలోకి పోయే రోడ్లు వేరు. దీనికీ లెక్క ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపుతో ఉండాలి. స్విఫ్ట్‌లో ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లు. బండి సరిగ్గా బ్రేకర్ నడిమికి వచ్చినప్పుడు రెండు చక్రాలూ దాని మీదే ఉంటాయి. కాబట్టి బండి పొట్ట కిందికి వచ్చే ఎత్తు 44 మి.మీ. మాత్రమే. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ. 40 దించితే 123. అందులో 44 పోయినా 79 మిగులుతుంది. దర్జాగా దాటుతుంది.

కానీ మన ఊళ్లలో బ్రేకర్ వేసేది ప్రమాణం చూసి కాదు, యాక్సిడెంట్ అయిన మర్నాడు కోపంతో. అడుగున్నర వెడల్పు, జానెడు ఎత్తు. అలాంటి చోట రెండు చక్రాల మధ్య దిమ్మ పూర్తి ఎత్తూ పొట్ట కిందికే వస్తుంది. 100 మి.మీ. దిమ్మ అయినా మిగిలేది 23. నలుగురు కూర్చుంటే ఆ 23 కూడా పోతుంది. దించాలా వద్దా, ఎంత దించాలి అన్న ప్రశ్నకు జవాబు మీ బండిలో కాదు, మీ ఊరి రోడ్డులో ఉంది. నన్నడిగితే ఇక్కడ రోజూ తిప్పే బండిని దించకపోవడమే తెలివి. పక్కగోడ తగ్గించకుండా కంపెనీ సైజులోనే మంచి టైరు వేసుకోవడం అంతకంటే తెలివి.

చట్టం సంగతి

దీన్ని ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఎ సెక్షన్ చేరింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే, బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్‌కు అడ్డం పడొచ్చు. కాబట్టి భద్రమైన హద్దు ఒకటుంది. మీ మోడల్‌కు కంపెనీ ఏ వేరియంట్‌లోనైనా ఇచ్చిన సైజులు, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద, యజమాని పుస్తకంలో రాసి ఉన్న సైజులు. ఆ హద్దు దాటే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. పోలీసు కేసు నమోదైన యువకుడికి ఉద్యోగ వెరిఫికేషన్ ఎంత తలనొప్పో వేరే చెప్పనక్కర్లేదు.

మరి ఇదంతా కెరీర్ పేజీలో ఎందుకు?

ఎందుకంటే ఈ లెక్కే చాలా కొలువులకు గుమ్మం. మన చుట్టూ చూడండి. ఆల్విన్ నిస్సాన్ పేరుతో తేలికపాటి లారీలు తయారైన జహీరాబాద్‌లో ఇప్పుడు మహీంద్రా ఫ్యాక్టరీ ఉంది. ట్రాక్టర్లు ఇక్కడే తయారవుతున్నాయి. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చినపాండూరు దగ్గర అపోలో టైర్స్, అచ్యుతాపురంలో యొకొహామాకు చెందిన ఏటీసీ టైర్స్, పెనుకొండ దగ్గర కియా ఉన్నాయి. 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. ఫ్యాక్టరీలు మన గడప దగ్గరికి వస్తున్నాయి. వాటిలో కాంట్రాక్టు కూలీగా చేరాలా, ఇంజినీరుగా చేరాలా అన్నది మన చేతిలో ఉన్న పనితనం తేలుస్తుంది.

కార్ల కంపెనీల డిజైన్ విభాగంలో టైర్ ఎన్వలప్ అనే పని ఉంటుంది. చక్రం పైకి, కిందికి, అటు, ఇటు ఎన్ని రకాలుగా కదిలితే అన్ని స్థానాలనూ కలిపి ఒక ఆకారం గీస్తారు. దాని చుట్టూ ఫెండర్, షాకప్, బ్రేకు పైపులు అమరుస్తారు. పైన చెప్పుకున్న చాక్‌పీసు పరీక్ష దానికి పల్లెటూరి రూపం. జడ్‌ఎఫ్, హ్యుందాయ్ లాంటి సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. టైర్ల కంపెనీల్లో ఫిర్యాదు వచ్చిన టైరును చూసి తప్పు టైరుదా, వాడకానిదా అని తేల్చే టెక్నికల్ సర్వీస్ ఉద్యోగాలున్నాయి. బీమా సర్వేయర్లు చేసేదీ అలాంటి పరిశీలనే. అసిస్టెంట్ మోటార్ వెహికిల్ ఇన్‌స్పెక్టర్ పోస్టులు సరేసరి. 2022 చివర్లో తెలంగాణలో 113 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. రేపు ఆ కుర్చీలో కూర్చుంటే, దించిన బండి ముందు నిలబడి ఇది చట్టానికి లోబడి ఉందా లేదా అని చెప్పాల్సింది మీరే.

ఇంటర్వ్యూ బోర్డు ముందు అందరి రెజ్యూమెలోనూ ఒకేలాంటి ప్రాజెక్టు ఉంటుంది. అందులో కొనుక్కొచ్చినవి ఎన్నో అడిగేవాళ్లకూ తెలుసు. దానికి బదులు ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ వీధిలో ఉన్న పది కార్ల టైరు సైజు, రిమ్ వెడల్పు, ఆఫ్‌సెట్, లోడ్ ఇండెక్స్, ఫెండర్ ఖాళీ, గ్రౌండ్ క్లియరెన్స్ రాసుకోండి. ఎక్సెల్‌లో వేసి, కొత్త సైజు టైపు చేయగానే వ్యాసం తేడా, లోపలికి ఎంత, బయటికి ఎంత, మీటర్ ఎంత తప్పుతుంది అన్నవి వచ్చేలా సూత్రాలు పెట్టండి. దగ్గరి టైర్ల దుకాణానికి వెళ్లి నాలుగు బండ్ల మీద ఆ లెక్క సరిపోయిందో లేదో చూడండి. సరిపోకపోతే ఎందుకో రాయండి. కంప్యూటర్ తెలియని ఆ దుకాణం అన్నకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంటుంది. మీకు లెక్క వచ్చు, ఆయనకు బండి వచ్చు. ఇద్దరూ కలిస్తే రెండు పేజీల నివేదిక తయారవుతుంది. కాలేజీలో బాజా ఎస్‌ఏఈ ఇండియా లాంటి పోటీల జట్టు ఉంటే ఇదే పనిని అక్కడ కొనసాగించండి. "మీరు సొంతంగా చేసిందేమిటి?" అని బోర్డు అడిగినప్పుడు ఈ రెండు పేజీలు టేబుల్ మీద పెట్టండి. తర్వాతి పది నిమిషాలు మీరు బాగా తెలిసిన విషయమే మాట్లాడతారు.

ఈ పని చేయడానికి కారు ఉండనక్కర్లేదు. నాన్న జామతోట మీద తెచ్చిన పైసల్లో ముప్పై నలభై వేలు అల్లాయ్‌లకు పెట్టనక్కర్లేదు. కావాల్సింది ఒక కొలత టేపు, ఒక నోటుబుక్కు, నాలుగు చాక్‌పీసులు. వీల్స్ మెరుపు ఏడాదికి మాసిపోతుంది. కొలవడం అలవాటైన చెయ్యి మాత్రం ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లినా పనికొస్తుంది.